మీవాళ్ల ఓట్లు ఎటు?

ఎన్నికలొస్తే చాలు, డెస్కులో నాకొక పని ఖాయం. 'ఈసారి ముస్లింల మొగ్గు ఎటు?' అనే ఐటెం. అది ఇంకెవరికీ పోదు. ఉర్దూ వచ్చినవాణ్ని, తెలుగులో రాయగలవాణ్ని, పైగా సాయిబుని. ఆఫీసులోనే కాదు, ఇరానీ హోటల్లో, రైల్లో, కాలనీ గేటు దగ్గర అదే ప్రశ్న. "ఏం భాయ్, మీవాళ్ల ఓట్లు ఎటు?" నాకు తెలీదంటే ఎవరూ నమ్మరు. దాచిపెడుతున్నాననుకుంటారు.

ప్రశ్న చిన్నదే. కానీ దాని కడుపులో మూడు మాటలున్నాయి. మేమంతా ఒకటే అని. ఒకే దారిన పోతామని. మమ్మల్ని ఎవరో తోలుతున్నారని. నా భార్య ఓటు ఎటో నాకే తెలీని ఇంట్లో కూచుని, కోట్లమంది ఓట్ల గురించి నేను జవాబు చెప్పాలి! 'ఓటు బ్యాంకు' అనే మాట పుట్టించినవాడెవడో గానీ, అందులో డబ్బు మాది, తాళంచెవి ఇంకొకరిది అన్న సంగతి మాత్రం భలే పట్టుకున్నాడు.

ఈ ప్రశ్ననే ఇంకో రకంగా అడిగే దేశం ఒకటుంది. అక్కడ పక్కవాడు అడగడు, ప్రభుత్వమే కాగితం మీద అడుగుతుంది. జవాబు ఎవరికి వాళ్లే చెప్పుకుంటారు. ఆ జవాబుల్ని బట్టి పార్లమెంటులో సీట్లు పెరుగుతాయి, తరుగుతాయి. ఆ దేశం న్యూజిలాండ్. యాభై లక్షల పైచిలుకు జనం. మన హైదరాబాద్ నగరంలో సగం అనుకోండి.

ఆ దేశం వైపు నేను చూసింది మాత్రం చావు కబురుతోనే. 2019 మార్చి 15, శుక్రవారం. క్రైస్ట్‌చర్చ్ నగరంలో రెండు మసీదుల్లో జుమా వేళ ఒక తెల్లజాతి దురహంకారి తూటాలకి 51 మంది బలయ్యారు. అందులో మన హైదరాబాద్ నుంచి బతకడానికి పోయినవాళ్లూ ఉన్నారు. ఆ వారమంతా ఉర్దూలో వచ్చింది తెలుగులోకి, తెలుగులో వచ్చింది ఉర్దూలోకి తిప్పడమే నా పని. నాలుగు రోజుల తర్వాత వాళ్ల పార్లమెంటు ఒక ఇమామ్ ప్రార్థనతో మొదలైంది. ఆ వార్త రాస్తుంటే నాకు కళ్లు తడిశాయి. ఆ తర్వాత అనుమానమూ వచ్చింది. చచ్చినవాళ్ల కోసం ఏడవడం ఏ ప్రభుత్వానికైనా తేలిక. బతికున్నవాళ్లని ఎలా లెక్కపెడతారు? ఆ సభలోకి ఎవరు ఎలా వస్తారు? అక్కడ మొదలైంది నా చదువు.

మొదట ఎదురైంది 1867. తెల్లవాళ్లకీ మావోరీలకీ భూమి కోసం యుద్ధాలు జరుగుతున్న కాలం. మావోరీలంటే ఆ నేల పాతకాపులు. 1840లో వైటాంగి దగ్గర బ్రిటిష్ రాణితో ఒప్పందం చేసుకున్నవాళ్లు. 1852 చట్టం ప్రకారం ఓటు కావాలంటే మగవాడికి సొంత ఆస్తి ఉండాలి. మావోరీల భూమి తెగ మొత్తానిది, ఒకడి పేరున ఉండదు. అంటే, ఊరంతా మీదే గానీ మీలో ఒక్కడికీ ఓటు లేదు! 1867లో మావోరీ ప్రాతినిధ్య చట్టం చేసి నాలుగు సీట్లు కేటాయించారు. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి మావోరీ మగవాడికీ ఆస్తితో పనిలేకుండా ఓటిచ్చారు. వినడానికి ఎంత బాగుంది! అప్పటికి పేద తెల్లవాడికి కూడా లేని హక్కు. కానీ జనాభా లెక్కన మావోరీలకి రావలసినవి పద్నాలుగో పదహారో సీట్లు. వాళ్ల భూమి ముక్కలై ఒక్కొక్కరి పేరున పట్టా అయితే మామూలు ఓటర్ల జాబితాలోకి వచ్చిపడతారు, కొన్ని చోట్ల తెల్లవాళ్ల ఓట్లని మించిపోతారు. ఆ భయానికి వేసిన కంచె ఈ నాలుగు సీట్లు. ఐదేళ్లకని పెట్టి, పొడిగించి, 1876లో శాశ్వతం చేశారు. ఆ నాలుగు, 1996 దాకా నాలుగే. జనం పెరిగారు. తెల్లవాళ్ల సీట్లు మారాయి. నాలుగు మాత్రం రాతి మీద చెక్కినట్టు నాలుగే.

ఇదంతా చదువుతుంటే మన 1909 గుర్తు రాదూ? మింటో-మార్లే సంస్కరణల్లో ముస్లింలకి ప్రత్యేక నియోజకవర్గాలు. ఇచ్చిన చెయ్యి అదే సామ్రాజ్యానిది. ఇచ్చిన తీరూ అదే. గౌరవమూ కంచే ఒకే పొట్లంలో కట్టి ఇస్తుంది. పొట్లం విప్పినవాడు గౌరవాన్ని చూసి పొంగిపోతాడు. పక్కవాడు కంచెని చూసి వేరుపడ్డావంటాడు. కట్టినవాడు మాత్రం ఎవరికీ గుర్తుండడు.

నన్ను బాగా కుదిపేసిన సంగతులు ఇంకో రెండున్నాయి. తెల్లవాళ్లకి రహస్య ఓటు 1870లోనే వచ్చింది. మావోరీలకి 1938 ఎన్నికల్లో గానీ రాలేదు. అప్పటిదాకా మావోరీ ఓటరు అధికారి ఎదుట నిలబడి తాను ఎవరికి వేస్తున్నదీ నోటితో చెప్పాలి. అరవై ఎనిమిదేళ్ల తేడా! వాళ్లు చదువురానివాళ్లు కదా అన్నారట. చదువురానివాళ్లకి గుర్తులు పెట్టి 1951-52లో మనం కోట్లమందితో రహస్య ఓటు వేయించాం. కాబట్టి అది చదువు సంగతి కాదు. ఎవడు ఎటు పోతున్నాడో కళ్లారా చూసి తెలుసుకోవాలన్న ఆధిపత్య కుతూహలం. నన్ను ఇరానీ హోటల్లో అడిగేవాడికి ఉన్నదీ అదే.

రెండోది రక్తం కొలత. ఎవరు మావోరీ? సగం కంటే ఎక్కువ మావోరీ రక్తం ఉంటే మావోరీ సీటులోనే ఓటెయ్యాలి. సగం కంటే తక్కువైతే తెల్లవాళ్లతో. సరిగ్గా సగమైతే మాత్రమే ఇష్టం వచ్చిన చోట. రక్తాన్ని తులాల్లో తూచే చట్టం! నవ్వొస్తుంది గానీ నవ్వే హక్కు మనకుందా? దూదేకులవాళ్లని మసీదులో ఒక లెక్క, మండలాఫీసులో ఒక లెక్క, పెళ్లి సంబంధాల దగ్గర ఇంకో లెక్క కట్టేవాళ్లం మనం. సయ్యదులు ఎంత, షేకులు ఎంత అని తూచే తరాజు మన ఇళ్లలోనే వేలాడుతోంది.

1975లో ఆ తూకం రాళ్లని అవతల పారేశారు. మావోరీ వంశంలో పుట్టి తాను మావోరీనని చెప్పుకున్నవాడు మావోరీ. అంతే. ఉమ్మడి జాబితాలో ఉంటావా, మావోరీ జాబితాలో ఉంటావా అన్నది వాడే తేల్చుకోవాలి. దీనికి మావోరీ ఆప్షన్ అని పేరు. ఇందులో ఇంకా ఒక మోసం మిగిలే ఉంది. ఎంతమంది మావోరీ జాబితాని ఎంచుకున్నా సీట్లు నాలుగే! నీ అస్తిత్వాన్ని నువ్వే ప్రకటించుకో, కానీ దానివల్ల ఏమీ మారదు అన్నట్టు. ఇటువంటి ఉదారత్వం మనకీ బాగా తెలుసు.

ఇక అసలు సంస్కరణ. అది మావోరీల కోసం మొదలు కాలేదు, తెల్లవాళ్ల లెక్కలు తప్పడంతో మొదలైంది. 1978లో లేబర్ పార్టీకి నేషనల్ పార్టీ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఉన్న 92 సీట్లలో 51 గెలిచింది మాత్రం నేషనల్. 1981లో మళ్లీ అదే. ఆ ఏడు సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి నూటికి ఇరవై మంది ఓటేస్తే దక్కినవి రెండు సీట్లు. ఎక్కువ ఓట్లొచ్చినవాడు ఓడిపోవడం, ఇరవై మందికి ఇద్దరు దిక్కవడం మెజారిటీ జనానికి మొదటిసారి తగిలింది. మైనారిటీలకి వందేళ్లుగా తగులుతున్నదే. మనకీ కొత్త కాదు. 2014లో 31 శాతం ఓట్లతో బీజేపీ 282 సీట్లు గెలిచింది. దేశం మొత్తం మీద ఓట్లలో మూడో స్థానంలో ఉన్న బహుజన సమాజ్ పార్టీకి ఒక్కటీ రాలేదు.

1985లో న్యాయమూర్తి జాన్ వాలెస్ అధ్యక్షతన అయిదుగురితో రాయల్ కమిషన్ వేశారు. అందులో వ్హెటుమరామ వెరెటా అనే మావోరీ విదుషి ఒకరు. 1986 చివర్లో నివేదిక ఇచ్చారు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లుండాలన్నారు. ఒకటి తన నియోజకవర్గంలో నిలబడ్డ మనిషికి. రెండోది పార్టీకి. సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లన్నది రెండో ఓటు తేలుస్తుంది. నియోజకవర్గాల్లో గెలిచినవి పోను ఎన్ని తక్కువైతే అన్నీ ఆ పార్టీ ముందే ప్రకటించిన జాబితాలోంచి వరసగా నింపుతారు. మొత్తం 120 సీట్లు. మరీ చిల్లర పార్టీలు రాకుండా కనీసం 4 శాతం గడప పెట్టమన్నారు. తర్వాత చట్టం చేసినవాళ్లు దాన్ని 5 చేశారు. ఒక నియోజకవర్గం గెలిస్తే ఆ గడప దాటక్కర్లేదు.

కమిషన్ ఇంకో మాట కూడా చెప్పింది. నా మనసు ఇప్పటికీ అక్కడే చిక్కుకుంది. మావోరీ సీట్లు రద్దు చెయ్యండి అంది! ఒకే జాబితా, ఒకే ఓటు. బదులుగా మావోరీ పార్టీలకి గడప ఉండదు. కారణం ఏం చెప్పిందో వినండి. 1943 నుంచి సాధారణ ఎన్నికల్లో ఆ నాలుగు సీట్లూ లేబర్ పార్టీవే. రాటనా అనే మావోరీ ధార్మిక ఉద్యమానికీ లేబర్ పార్టీకీ 1936లో కుదిరిన పొత్తు అది. దాంతో లేబర్‌కి ధీమా, నేషనల్‌కి నిర్లక్ష్యం. ఎలాగూ మనకే వేస్తారని ఒకరు పట్టించుకోరు, ఎలాగూ మనకి వెయ్యరని ఇంకొకరు పట్టించుకోరు. మిగతా సీట్ల సభ్యులకి మావోరీ ఓటరే లేడు, కాబట్టి మావోరీ బాధతో పనీ లేదు. వేరు సీటు పేరుతో మిమ్మల్ని గదిలో పెట్టి తలుపేశారు, బయటికి రండి, అందరూ మీ ఓటు అడుక్కునేలా చేస్తాం అన్నది కమిషన్.

ఈ వాదాన్ని నేను తీసిపారెయ్యలేను. 1984 నుంచి హైదరాబాద్ లోక్‌సభ సీటు తండ్రి తర్వాత కొడుకు చేతిలో ఉంది. వాళ్లు సభలో మాట్లాడతారు, గట్టిగానే మాట్లాడతారు. ఆ గొంతు లేకపోతే ఎంత నిశ్శబ్దమో నాకు తెలుసు. కానీ తెలంగాణలో మిగతా పదహారు సీట్లవాళ్ల మొహాలు చూడండి. పాతబస్తీ ఒకటి వాళ్లకి వదిలేశాంగా అన్నట్టుంటాయి. చట్టం ప్రకారం అది రిజర్వుడు సీటు కాదు. ఎవరూ రాయకుండానే రిజర్వు అయిపోయింది. కమిషన్ వర్ణించిన గది నేను పుట్టి పెరిగిన గదే.

మరి మావోరీలు ఆ సలహా విని సంతోషించారా? లేదు. సభలు పెట్టుకున్నారు, పెద్దలు పార్లమెంటు కమిటీ ముందుకి పోయారు. ఆ సీట్లు కంచెగా పెట్టినవేనని వాళ్లకీ తెలుసు. కానీ నూట ఇరవై ఏళ్లుగా ఆ కంచె లోపలే తమ నాయకులు పుట్టారు, తమ మాట పుట్టింది. మావోరీ అనే జనం ఒకరున్నారని ఆ దేశపు చట్టం ఒప్పుకున్న చోట్లు బహు కొద్ది. అందులో ఇదొకటి. పెట్టినప్పుడు మమ్మల్ని అడగలేదు, తీసేటప్పుడైనా అడగరా? సాయంగా వచ్చిన చెయ్యి కూడా అడగకుండానే మన గోడ కూలుస్తానంటే మనసు ఒప్పుకోదు. గోడ చెడ్డదైనా సరే.

నా ప్రశ్న ఇక్కడుంది. న్యాయం ఎక్కడిది? జనానికి మేలయ్యే పద్ధతిలోనా, ఆ జనం తామే ఎంచుకున్న పద్ధతిలోనా? రెండూ ఒకటైతే సమస్యే లేదు. కాకపోతే?

తర్వాత కథ తమాషాగా నడిచింది. నివేదికని రెండు పెద్ద పార్టీలూ అటకెక్కించాలనే చూశాయి. 1987లో ప్రధాని డేవిడ్ లాంగీ ఒక టీవీ చర్చలో, చూసుకున్న కాగితం తప్పు చదివి, రిఫరెండం పెడతామని నోరు జారారని చెబుతారు. పెద్ద పెద్ద సంస్కరణల వెనక ఒక్కోసారి ఇంతే ఉంటుంది! ఈలోగా రెండు పార్టీలూ ఒకదాని తర్వాత ఒకటి గద్దెనెక్కి, చెప్పిందొకటి చేసిందొకటిగా ఆర్థిక సంస్కరణల పేర జనాన్ని హోరెత్తించాయి. జనానికి ఒళ్లు మండింది. 1992 రిఫరెండంలో మార్పు కావాలన్నవాళ్లు నూటికి 84 మందికి పైనే. వ్యాపారులు డబ్బు కుమ్మరించి వ్యతిరేక ప్రచారం చేశారు. 1993 నవంబర్ 6న ఆఖరి తీర్పు 53.9 శాతంతో, బొటాబొటిగా, కొత్త పద్ధతికే వచ్చింది. మావోరీ సీట్లు ఉండిపోయాయి. అంతేకాదు, 1993 చట్టం పాత మోసాన్ని సరిచేసింది. మావోరీ జాబితాని ఎంచుకునే మనుషుల సంఖ్యని బట్టి సీట్ల సంఖ్య. 1996లో నాలుగు అయిదయ్యాయి, 1999లో ఆరు, 2002లో ఏడు. తోలేవాడు లేకుండా, ఒక్కొక్కరు తమ ఇంట్లో కూచుని సంతకం పెట్టి పెంచుకున్న సీట్లు అవి.

కమిషన్ భయపడ్డట్టు గది తలుపు మూసుకుపోయిందా? చూడండి. 1996లో మొదటి ఎన్నిక. అయిదు మావోరీ సీట్లూ న్యూజిలాండ్ ఫస్ట్ పార్టీకి పోయాయి. అర్ధ శతాబ్దపు ఓటు బ్యాంకు ఒక్క రోజులో దివాలా! ఆ పార్టీ తీరా గెలిచాక నేషనల్‌తో చేతులు కలిపింది. 1999లో జనం దాన్ని ఆ సీట్లన్నిటి నుంచీ ఊడ్చేశారు. లేబర్ మళ్లీ వచ్చింది. 2004లో అదే లేబర్ ప్రభుత్వం సముద్రతీరపు నేల మీద మావోరీలు కోర్టుకెక్కే దారి మూసేస్తూ చట్టం చేసింది. టరియానా టూరియా అనే మంత్రి, మావోరీ సీటు నుంచి గెలిచినావిడ, పదవీ పార్టీ వదిలేసి, సభ్యత్వానికి రాజీనామా చేసి, మళ్లీ తన జనం దగ్గరికే పోయి తొంభై శాతం పైగా ఓట్లతో గెలిచి వచ్చింది. అప్పుడే పుట్టిన మావోరీ పార్టీకి 2005లో నాలుగు సీట్లు. 2023లో ఏడింటిలో ఆరు.

టూరియా చేసిన పని జాబితాలోంచి వచ్చిన సభ్యురాలు చెయ్యగలదా? పార్టీ వదిలితే ఆమె ఎవరి దగ్గరికి పోతుంది, ఏ ఊరు తలుపు తడుతుంది? ఈ ప్రశ్నకి జవాబు ఇంకో మనిషి కథలో ఉంది. ఈసారి ఆ మనిషి మనవాడే.

అష్రఫ్ చౌదరి. పాకిస్తాన్‌లో పుట్టిన వ్యవసాయ శాస్త్రవేత్త. 2002లో లేబర్ పార్టీ జాబితా నుంచి సభకొచ్చారు. న్యూజిలాండ్‌కి మొదటి ముస్లిం పార్లమెంటు సభ్యుడు. పాత పద్ధతిలో ఆయన ఏ నియోజకవర్గంలో గెలిచేవారు? ముస్లింలు ఎక్కువున్న నియోజకవర్గమే లేదక్కడ. కొత్త పద్ధతి లేకపోతే ఆయన లేరు. ఇది దామాషా పద్ధతి చేసిన మేలు, కాదనలేం.

2003 జూన్‌లో వ్యభిచారాన్ని నేరాల జాబితా నుంచి తొలగించే బిల్లు వచ్చింది. పార్టీ విప్పులు లేవు, ఎవరి మనస్సాక్షి వాళ్లది. అనుకూలం 60, వ్యతిరేకం 59. ఓటెయ్యనివారు ఒక్కరు. ఆ ఒక్కరు అష్రఫ్ చౌదరి. వ్యతిరేకంగా వేసి ఉంటే సరిసమానమై బిల్లు పడిపోయేది. సమాజంలో చాలామంది ఆయన మీద మండిపడ్డారు. సభలో మన ఒక్కడు ఉండి కూడా ఇలా చేస్తాడా అని.

ఆ మనిషి గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. ఆయన చేసింది పిరికితనమా? నా మతం వద్దంటుంది, ఆ స్త్రీల భద్రత కావాలంటుంది, ఏ వైపూ నా చెయ్యి లేవడం లేదు అన్న నిజాయితీయా? నాకు రెండోదే అనిపిస్తుంది. అయినా నా అభిప్రాయంతో పనేముంది? 119 మంది తమ తమ మనస్సాక్షి ప్రకారం ఓటేశారు, వాళ్ల మనస్సాక్షి వాళ్లది. ఈయన మనస్సాక్షి మాత్రం ఒక సమాజానిది అయిపోయింది. అవును అన్న అరవై మంది క్రైస్తవులో నాస్తికులో ఎవరైనా గానీ, వాళ్ల మతంవాళ్లు వాళ్లని నిలదీసినట్టు లేదు. డెస్కులో నా పరిస్థితే ఆ సభలో ఆయన పరిస్థితి. ఒక్కడుంటే చాలు, వాడే అందరి తరపునా జవాబుదారీ.

సమాజం మాత్రం ఏం చేస్తుంది? ఆయన్ని వాళ్లు ఎన్నుకోలేదు, దించలేరు. ఆయన స్థానం పార్టీ వేసిన వరస సంఖ్య. నిలదీసే హక్కు చట్టంలో లేదు కాబట్టి నిందించడం ఒక్కటే మిగిలింది. జాబితా మనకి సభలో ఒక మొహాన్ని ఇస్తుంది. ఆ మొహాన్ని పట్టుకుని అడిగే అధికారాన్ని ఇవ్వదు. మావోరీకి రెండూ ఉన్నాయి. జాబితాలో మొహాలున్నాయి, సీట్లలో అధికారం ఉంది. ఆ రెండూ కలిసే పనిచేశాయని, అందులో ఏ ఒక్కటీ చాలదని ముప్పై ఏళ్ల అనుభవం చూశాక నాకనిపిస్తోంది. కమిషన్ సగం సరైంది, మావోరీ పెద్దలు సగం సరైనవాళ్లు. 2011లో ఈ పద్ధతి ఉంచాలా తియ్యాలా అని మళ్లీ జనాన్నే అడిగితే 57 శాతానికి పైగా ఉంచమన్నారు.

మనం మావోరీలం కాము, ఒప్పుకుంటాను. ఒప్పందం చేసుకున్న మూలవాసుల హక్కు వేరు. ఆ లెక్కన మన దగ్గర ముందు మాట్లాడాల్సింది ఆదివాసీలు. ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని కూడా నేననను. దేశవిభజన తర్వాత ఆ మాటకి కాలిన వాసన పట్టింది, అది మన జన్మలో పోదు. 1947లో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. 1949లో మతపరమైన మైనారిటీల రిజర్వుడు సీట్లు కూడా పోయాయి. బేగం ఐజాజ్ రసూల్ లాంటివాళ్లు స్వయంగా వద్దన్నారు, మెజారిటీ మీద నమ్మకం పెట్టారు. మద్రాసు మొహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ కావాలని పట్టుబట్టారు. ఈ ఇద్దరి పేర్లూ అప్పుడప్పుడన్నా వినపడతాయి. మూడో మనిషి పేరు ఎవరూ తలవరు. కాజీ సయ్యద్ కరీముద్దీన్. 1949 జనవరిలో రాజ్యాంగసభలో లేచి, వేరు సీట్లు కాదు, దేశానికంతటికీ దామాషా పద్ధతి పెట్టండని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఇంత నిరక్షరాస్యత ఉన్న దేశంలో ఆ పద్ధతి నడవదన్నారు, ప్రభుత్వాలు నిలబడవన్నారు. ఆ రోజుకి ఆ జవాబులో బరువుంది. అంబేద్కర్‌ని నిందించే సాహసం నాకు లేదు. కానీ ఆ సవరణ మతం పేరెత్తకుండానే మైనారిటీకి చోటిచ్చేది. వేరువాదమన్న నింద లేదు, మెజారిటీ దయ మీద బతకడమూ లేదు. డెబ్బై అయిదేళ్లు గడిచాక 2024 లోక్‌సభకి గెలిచిన ముస్లింలు 24 మంది. 2011 జనాభా లెక్కల్లో మనం 14.2 శాతం. 543లో అది 77. ఆంధ్రప్రదేశ్‌లో 25 సీట్లుంటే 2024లో ఒక్కరూ లేరు.

దామాషా వస్తే అన్నీ బాగుపడతాయా అంటే నాకు నవ్వొస్తుంది. మన పార్టీల్లో జాబితా ఎవరు రాస్తారు? టికెట్టుకే అంత రేటున్న చోట జాబితాలో వరస సంఖ్యకి రేటు కట్టరా? మూడో నంబరుకింత, పదో నంబరుకింత! మనవాడొకణ్ని పెడతారు. ఇఫ్తారులో టోపీ పెట్టుకుని ఫోటోకి నిలబడేవాణ్ని. అయినా సరే, నేను దామాషానే కోరుకుంటాను. ఆ అమ్ముడుపోయే జాబితా అయినా జనం ముందు అచ్చవుతుంది. అందులో మన పేరు ఎన్నోదో అందరూ చూస్తారు.

కానీ చట్టాల లెక్కల కంటే నన్ను వదలనిది ఆ కాగితమే. మావోరీ ఆప్షన్ కాగితం. మొన్నమొన్నటిదాకా అయిదేళ్లకోసారి, జనాభా లెక్కల తర్వాతే మారే వీలుండేది. 2023 నుంచి, ఎన్నికలకి ముందు మూడు నెలలు తప్పిస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మారొచ్చు. ఒక మనిషి ఈ ఏడాది నేను వేరు అనొచ్చు, పై ఏడాది నేను అందరితో అనొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. మనల్ని జీవితంలో ఒక్కసారైనా అలా అడిగినవాళ్లున్నారా? ముస్లింగా ఉండాలనుకున్న రోజు ప్రధాన స్రవంతిలో కలవమంటారు. అందరిలో ఒకడిగా ఉండాలనుకున్న రోజు మీవాళ్ల ఓట్లు ఎటు అంటారు.

మొన్న బక్రీద్‌కి బోధన్ పోయాను. భోజనాలయ్యాక మా భాయిజాన్‌కి ఈ కథంతా చెప్పాను. ఆయనకి బియ్యం దుకాణం. రాజకీయాలు బాగా వింటారు, తక్కువ మాట్లాడతారు. "అట్లాంటి కాగితం మనింటికొస్తే మీరు ఏ జాబితాలో టిక్కు పెడతారు భాయిజాన్?" అని అడిగాను. చాలాసేపు ఊరుకున్నారు. వేరు జాబితా అంటారనో, ఉమ్మడి అంటారనో చూస్తున్నాను.

"ఓ కాగజ్ ఎవరి చేతికి పోతుంది?" అన్నారు.

ఎన్నికల ఆఫీసుకి అన్నాను.

"అంటే మన ఇళ్ల అడ్రసులన్నీ ఒకే కాగితం మీద ఉంటాయన్నమాట."

2002లో గుజరాత్‌లో గుంపులు అడ్రసుల జాబితాలు చేతబట్టుకుని వచ్చాయని బాధితులు చెప్పిన సంగతి నేను తెలుగులోకి తర్జుమా చేసి ఉన్నాను. ఏం మాట్లాడలేదు. మా అమ్మాయి దస్తర్‌ఖాన్ మడుస్తోంది. పందొమ్మిదేళ్లు, మొదటి ఓటు ఇంకా వెయ్యలేదు. తలెత్తకుండానే అంది.

"ఉమ్మడి జాబితాలో మాత్రం మన పేర్లు కనపడవా బడే అబ్బా?"

భాయిజాన్ చాయ్ కప్పు అందుకోబోయి ఆగారు.